కదలని ఈసీజీ: నాలుక క్యాన్సర్ గుండెకు పాకిన ఒక కేసు

డిసెంబర్ నెల. రాత్రి పదకొండు దాటింది. పరకాల వైపు నుంచి 108లో ఒక పేషెంట్ వస్తున్నాడని, అక్కడి డాక్టర్ ఈసీజీని వాట్సాప్‌లో పంపారని మా డ్యూటీ డాక్టర్ ఫోన్ చేసింది. ఫోటో చూశాను. గుండె ముందు గోడను చూసే వి2 నుంచి వి5 దాకా లీడ్లలో, ఈసీజీ గీతలో ఎస్టీ సెగ్మెంట్ అనే భాగం రెండు మూడు మిల్లీమీటర్లు పైకి లేచి ఉంది. వయసు 56, ఛాతీలో నొప్పి, కొద్దిగా ఆయాసం.

"యాంటీరియర్ వాల్ ఎంఐ సార్. టెనెక్టెప్లేజ్ తీసి పెట్టాను. రాగానే ఇచ్చేయమంటారా?" అని అడిగింది. యాంటీరియర్ వాల్ ఎంఐ అంటే గుండె ముందు గోడకు వచ్చిన గుండెపోటు, టెనెక్టెప్లేజ్ అంటే రక్తనాళంలో అడ్డుపడ్డ రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్. ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు. ఆ ఈసీజీ చూపిస్తే పదిమంది డాక్టర్లలో తొమ్మిదిమంది అదే అంటారు.

"ఇంకేమైనా జబ్బులున్నాయా?"

"నోటి క్యాన్సర్ ఆపరేషన్ అయిందట సార్. ఏడాది దాటింది. ఇప్పుడు బాగానే ఉందట."

ఇంజెక్షన్ ఆపమన్నాను. ఎకో మెషిన్‌ను ఎమర్జెన్సీలోకి తెచ్చి పెట్టమని చెప్పి బయల్దేరాను. నేను అలా ఎందుకు అన్నానో ఆ అమ్మాయికి ఆ క్షణంలో అర్థమై ఉండదు. దాని వెనక ఒక పాత సంగతి ఉంది, అది తర్వాత చెప్తాను.

ఈ కేసును ఇంటివాళ్ల అనుమతితోనే రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టకుండా ఊరు, ఒకటి రెండు కుటుంబ వివరాలు మార్చాను. వైద్యానికి సంబంధించినవేవీ మార్చలేదు.

పేషెంట్ పత్తి రైతు. పాతికేళ్లుగా తంబాకులో సున్నం కలిపి దవడలో పెట్టుకునే అలవాటు, బీడీలు కూడా. పద్నాలుగు నెలల కింద నాలుక కుడి అంచున పుండు మానకపోతే హైదరాబాద్‌లో చూపించుకున్నాడు. స్క్వామస్ సెల్ కార్సినోమా (నోటి లోపలి పై పొర కణాల్లో పుట్టే క్యాన్సర్) అని తేలింది. సగం నాలుక తీసేశారు, మెడలోని లింఫ్ గడ్డలు తీశారు. ఒక లింఫ్ గడ్డలో క్యాన్సర్ పొర దాటి బయటికి వచ్చిందని రిపోర్టులో ఉంది. అందుకని ఆపరేషన్ తర్వాత 30 సిట్టింగుల రేడియేషన్, దాంతోపాటు వారం వారం సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఇచ్చారు. ఇవన్నీ నాకు పెద్దకొడుకు ఫోన్‌లో ఉన్న డిశ్చార్జ్ సమ్మరీ ఫోటోలో దొరికాయి. ఫైలు ఇంట్లోనే ఉండిపోయింది. హడావుడిలో ఆసుపత్రికి వచ్చేవాళ్లు ఆధార్ కార్డు, ఆరోగ్యశ్రీ కార్డు మర్చిపోకుండా తెస్తారు, పాత జబ్బు ఫైలు మాత్రం బీరువాలో ఉంటుంది. ఆ ఫోటో లేకపోతే ఆ రాత్రి మేం చీకట్లో తడుముకునేవాళ్లం.

కొడుకు చెప్పింది ఇది: "బాపుకు పొద్దటి సంది ఛాతిల బరువుగ ఉన్నదంటుండు సార్. మొన్న గూడ ఇట్లనే అంటే ఆర్‌ఎంపీ సారు గ్యాస్ అని సూది ఇచ్చిండు. ఈ రోజు సాయంత్రం బాగ ఎక్కువైంది. కరెంటు పెట్టుడు అయిపోయినంక అంత మంచిగనే ఉండె." రేడియేషన్‌ను మన దగ్గర కరెంటు పెట్టడం అంటారు. ఆ మాట తెలియని బయటి డాక్టర్లు, గుండెకు షాక్ ఇచ్చారేమో అనుకుని పొరపడటం నేను చూశాను.

పరకాలలో ఆయనకు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, అటోర్వాస్టాటిన్ ఇచ్చి, రక్తం గడ్డకట్టకుండా ఒక డోసు హెపారిన్ కూడా ఇచ్చి పంపారు. గుండెపోటు అనుకున్నప్పుడు చేయాల్సింది అదే. మా దగ్గరికి వచ్చేసరికి పల్స్ 108, బీపీ 110/70, ఆక్సిజన్ 96 శాతం. ఊపిరితిత్తుల్లో నీరు లేదు. మనిషి బాగా చిక్కిపోయి ఉన్నాడు. మెడ మీద ఆపరేషన్ మచ్చ, రేడియేషన్‌తో నల్లబడి గట్టిపడ్డ చర్మం.

మా దగ్గర మళ్లీ ఈసీజీ తీశాం. పరకాలలో తీసింది రాత్రి 7:40కి, మేం తీసింది 11:50కి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాను. మధ్యలో నాలుగు గంటలు గడిచాయి, కానీ రెండూ ఒకదాని జిరాక్స్ ఒకటి అన్నట్టు ఉన్నాయి.

ఈ కేసులో అసలు విషయం ఇక్కడే ఉంది. గుండెపోటు ఈసీజీ ఒక చోట నిలబడదు. రక్తనాళం మూసుకుపోయిన కాసేపటికి ఎస్టీ లేస్తుంది, గంటలు గడిచేకొద్దీ ఆర్ వేవ్ తగ్గుతుంది, క్యూ వేవ్ (కండరం చచ్చిందనడానికి గుర్తు) ఏర్పడుతుంది, ఎస్టీ నెమ్మదిగా దిగుతుంది, టీ వేవ్ తలకిందులవుతుంది. ఇవన్నీ ఈసీజీ గీతలోని భాగాల పేర్లు. రక్తనాళం దానంతట అదే తెరుచుకుంటే ఎస్టీ తొందరగా దిగుతుంది. ఏ దారిన పోయినా ఏదో ఒక మార్పు కనిపించాలి. ఈయన ఈసీజీలో ఆర్ వేవ్‌లు నిక్షేపంగా ఉన్నాయి, క్యూ లేదు, ఎస్టీ అంగుళం కదల్లేదు. గుండె కింది గోడను చూసే లీడ్ 2, 3, ఏవీఎఫ్‌లలో ఎదురు మార్పులు (ఎస్టీ కిందికి దిగడం) కూడా లేవు. ముందు గోడ గుండెపోటులో అవి లేకపోవడం మామూలే కాబట్టి దాని మీద నేను ఎక్కువ ఆధారపడలేదు. పెరికార్డైటిస్ (గుండె పై పొర వాపు) అనుకుందామంటే ఎస్టీ అన్ని లీడ్లలోనూ లేవలేదు, పీఆర్ సెగ్మెంట్ కిందికి దిగలేదు. పాత గుండెపోటు మిగిల్చిన ఎన్యూరిజమ్ (గోడ పలచబడి బయటికి ఉబ్బడం) అనుకుందామంటే క్యూ వేవ్‌లు ఉండాలి కదా!

గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ 68 వచ్చింది. మా ల్యాబ్ లెక్కలో మగవాళ్లకు 34 దాటితే ఎక్కువ. పొద్దటి నుంచి నొప్పి ఉండి, ముందు గోడ మొత్తం దెబ్బతింటే వందల్లో కాదు, వేలల్లో ఉండాల్సింది. మూడు గంటల తర్వాత 74. మర్నాడు 71.

ఎకో పెట్టేముందు మరో సంగతి జరిగింది. నేను కొడుకును అడుగుతున్నాను, కొడుకు జవాబు చెప్తున్నాడు, మనిషి బెడ్ మీద మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. సగం నాలుకతో ఆయన మాట ముద్దగా వస్తుంది. ఇంట్లోవాళ్లకు తప్ప అర్థం కాదు. అందుకే ఆర్‌ఎంపీ దగ్గర, పరకాలలో, అంబులెన్సులో, చివరికి మా దగ్గర కూడా అందరం కొడుకునే అడిగాం. ఆయన చెయ్యెత్తి నా జేబులోని పెన్ను చూపించాడు. ఇచ్చాను. ఈసీజీ కాగితం వెనక్కి తిప్పి, వణికే చేత్తో రాశాడు: "గ్యాస్ కాదు సారు. రెండు నెలల సంది ఇట్లనే ఉన్నది. పత్తి ఏరుడు ఉండె, చెప్పలే."

రెండు నెలలు! ఒక్క నొప్పి రోజూ ఉంటూ, తగ్గుతూ పెరుగుతూ రెండు నెలలు ఉందంటే, సాయంత్రం మూసుకుపోయిన రక్తనాళం కథ దానితో సరిపోదు. ఇంకో రెండు ప్రశ్నలు అడిగాను. నడిచినప్పుడు ఎక్కువ కాదు, కూర్చున్నా పడుకున్నా తేడా లేదు, రాత్రిపూట సన్న జ్వరం, అన్నం సహించట్లేదు. చెకప్‌కు రమ్మన్న తేదీలు రెండు దాటిపోయాయి, అదీ పత్తి పని వల్లే. మాట సరిగ్గా రాని పేషెంట్‌కు కాగితం, పెన్ను ఇవ్వాలని నాకు ముందే తోచాల్సింది. ఆయన అడిగాక ఇచ్చాను.

ఎకోలో గుండె కొనభాగం దగ్గర, ఎడమ కుడి గదుల మధ్య గోడలోనూ ముందు గోడలోనూ కలిసి ఒక గడ్డ కనిపించింది. దాదాపు 4 సెంటీమీటర్లు. దాని చుట్టూ గోడ కదలడం లేదు. మిగతా గుండె చక్కగా కొట్టుకుంటోంది, పంపింగ్ 50 శాతం, అంటే మామూలు కంటే కాస్త మాత్రమే తక్కువ. గుండె పొరలో పలచగా నీరు చేరింది.

గుండెపోటు తర్వాత కొనభాగంలో రక్తం గడ్డకట్టడం మామూలే, మొదటిసారి చూసినవాళ్లు ఇది అదే అనుకునే ప్రమాదం ఉంది. కానీ రక్తపు గడ్డ గోడ లోపలి ముఖానికి అతుక్కుని ఉంటుంది, దాని కింది గోడ చచ్చి, పలచబడి ఉంటుంది. ఇక్కడ గోడే మందంగా ఉబ్బింది. గడ్డ గోడ మీద కాదు, గోడలోనే ఉంది. మా డ్యూటీ డాక్టర్‌ను పిలిచి ఆ తేడా చూపించాను. టెనెక్టెప్లేజ్ డబ్బాను ఆ అమ్మాయే తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెట్టింది.

అప్పటికి నాకు క్యాన్సర్ మీద గట్టి అనుమానం ఉంది. అయినా యాంజియోగ్రామ్ చేయాలనే అనుకున్నాను. పొగాకు అలవాటున్న 56 ఏళ్ల మనిషి, ఛాతీ నొప్పి, ఎస్టీ ఎలివేషన్. గడ్డ ఉన్నంత మాత్రాన రక్తనాళంలో కొవ్వు ముద్ద పగలకూడదని లేదు. మణికట్టు నుంచి యాంజియో చేయడంలో ఉన్న రిస్కు, కణితి ఉన్న గుండెకు రక్తపు గడ్డను కరిగించే మందు ఇవ్వడంలో ఉన్న రిస్కు ముందు ఎంత? యాంజియోలో మూడు రక్తనాళాలూ తెరిచే ఉన్నాయి. ముందు వైపు దిగే ఎల్ఏడీలో 30 శాతం పూడిక, ప్రవాహం పూర్తిగా ఉంది. చివరి భాగం గడ్డ పక్కన కొంచెం నొక్కుకుపోయినట్టు సన్నబడింది, అక్కడి చిన్న కొమ్మల నుంచి గడ్డలోకి రంగుమందు పొగలా వ్యాపించింది. రక్తపు గడ్డకు సొంత రక్తనాళాలుండవు. కణితికి ఉంటాయి.

హెపారిన్ ఆపేశాం, క్లోపిడోగ్రెల్ ఆపేశాం. ఆరు రోజులు రోజూ ఈసీజీ తీశాం. ఆరూ ఒకే తీరుగా ఉన్నాయి. తర్వాత హైదరాబాద్‌లో గుండె ఎంఆర్ఐ, పెట్ సీటీ (ఒంట్లో క్యాన్సర్ ఎక్కడెక్కడ ఉందో చూపే స్కాన్) చేయించాం. గుండె కండరంలోకి చొచ్చుకుపోయిన గడ్డ, రెండు ఊపిరితిత్తుల్లో చిన్న చిన్న ముద్దలు కనిపించాయి. నాలుక, మెడ శుభ్రంగా ఉన్నాయి. గుండెలోంచి ముక్క తీయడం ప్రమాదం, అవసరం కూడా లేదు. ఊపిరితిత్తి ముద్దలోంచి సూదితో తీసిన ముక్కలో అదే స్క్వామస్ సెల్ కార్సినోమా వచ్చింది.

గుండెకు క్యాన్సర్ రాదని జనంలో ఒక నమ్మకం ఉంది. గుండెలో పుట్టే క్యాన్సర్ నిజంగానే చాలా అరుదు. వేరే చోట పుట్టి గుండెకు పాకేది మాత్రం దానికంటే కనీసం ఇరవై రెట్లు ఎక్కువ. క్యాన్సర్‌తో చనిపోయినవాళ్ల శవపరీక్షల్లో అటూ ఇటుగా పదిమందిలో ఒకరికి గుండెలో దాని ఆనవాళ్లు దొరుకుతాయి. అయితే చాలామందికి బతికున్నప్పుడు లక్షణాలేవీ ఉండవు, అందుకే మన కళ్లకు పడదు. ఎడతెగకుండా కదిలే కండరం, అందులో వేగంగా పారే రక్తం, గుండె నుంచి బయటికే పారే లింఫ్ ద్రవం, ఇవన్నీ క్యాన్సర్ కణాన్ని అక్కడ స్థిరపడనివ్వవని అంటారు. మెలనోమా (చర్మంలోని రంగు కణాల క్యాన్సర్) ఈ అడ్డంకిని పెద్దగా లెక్కచేయదు, అది ఉన్నవాళ్ల శవపరీక్షల్లో సగం మంది దాకా గుండెలో కనిపిస్తుంది. మన దగ్గర మెలనోమా తక్కువ. మనం చూసేవి ఊపిరితిత్తి, రొమ్ము, అన్నవాహిక, లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్), లుకేమియా (రక్త క్యాన్సర్). కిడ్నీ, కాలేయం క్యాన్సర్లు పెద్ద సిర గుండా పాకుతూ నేరుగా కుడి గదిలోకి వస్తాయి. నోటి క్యాన్సర్ గుండెకు పాకడం తక్కువే, కానీ తంబాకు, గుట్కా, జర్దా ఇంతగా నములుతున్న మన ప్రాంతంలో ఆ తక్కువ కూడా అప్పుడప్పుడు ఎమర్జెన్సీ తలుపు తడుతుంది.

పాకింది ఎక్కువగా పై పొరకే పరిమితమవుతుంది, నీరు చేరి ఆయాసంతో బయటపడుతుంది. కండరంలోకి దిగినప్పుడే గుండెపోటు వేషం వేస్తుంది. అది నాలుగు రకాలుగా జరగొచ్చు. గడ్డ బయటి నుంచి రక్తనాళాన్ని నొక్కేయవచ్చు. ఊపిరితిత్తి క్యాన్సర్‌లోంచి ఒక ముక్క ఊడి, ఎడమ గదికి వచ్చి, అక్కడి నుంచి కరోనరీలోకి (గుండె కండరానికి రక్తమిచ్చే నాళంలోకి) కొట్టుకుపోయి అడ్డుపడొచ్చు. క్యాన్సర్ రక్తాన్ని చిక్కగా గడ్డకట్టే స్వభావానికి మారుస్తుంది కాబట్టి, కవాటాల మీద చేరిన చిన్న గడ్డ ఎగిరొచ్చి మూసేయొచ్చు. ఈ మూడూ నిజమైన గుండెపోట్లే, కండరం చస్తుంది. నాలుగోది మా పేషెంట్‌ది. రక్తనాళం బాగానే ఉంటుంది, క్యాన్సర్ కణాలే కండరంలోకి చొరబడి దాన్ని గాయపరుస్తాయి. గాయపడిన కండరం నుంచి వెలువడే విద్యుత్తే ఎస్టీ ఎలివేషన్‌గా కాగితం మీద పడుతుంది. రక్తం ఆగి చచ్చే కండరం కొన్ని గంటల్లో చచ్చిపోతుంది, ఆ గాయపు విద్యుత్తు కూడా దాంతోపాటే పోతుంది. కణితి అంచు మాత్రం రోజూ కొత్త కండరాన్ని కొరుకుతూనే ఉంటుంది, గాయం ఎప్పుడూ పచ్చిగానే ఉంటుంది. ఎస్టీ రోజుల తరబడి, వారాల తరబడి లేచే ఉండటానికి, క్యూ రాకపోవడానికి కారణం ఇదే. క్యాన్సర్ పేషెంట్‌లో ఇలాంటి ఈసీజీ కనిపిస్తే కండరంలో గడ్డ ఉందనడానికి అది చాలా బలమైన గుర్తు.

క్యాన్సర్ చికిత్స కూడా ఇలాంటి చిత్రాన్ని తేగలదు. 5-ఫ్లోరోయురాసిల్, కాపెసిటాబిన్ అనే కీమో మందులు కరోనరీలను బిగుసుకుపోయేలా చేస్తాయి. ఛాతీకి ఇచ్చిన రేడియేషన్ కొన్నేళ్ల తర్వాత రక్తనాళాలను పూడ్చేస్తుంది. తీవ్రమైన భయం, దుఃఖం వల్ల వచ్చే టాకోట్సుబో అనే తాత్కాలిక గుండె బలహీనత ఉంది. మందుల చీటీ అడిగితే సగం చిక్కుముడి విడిపోతుంది.

ఇక పాత సంగతి. 2000ల చివర్లో, నేను ట్రైనింగ్‌లో ఉండగా, సింగరేణిలో చేసి రిటైరైన ఒక కార్మికుడిని తీసుకొచ్చారు. ఎడమ ఊపిరితిత్తిలో క్యాన్సర్, కీమో నడుస్తోంది. ఛాతీ నొప్పి, ఎస్టీ ఎలివేషన్. రక్తపు గడ్డను కరిగించే మందు ఎవరికి ఇవ్వకూడదో చెప్పే చెక్‌లిస్టు చూసుకున్నాను. మెదడులో గడ్డ ఉంటే ఇవ్వొద్దు అని ఉంది. ఈయనకు మెదడులో ఏమీ లేదు. గుండెలో గడ్డ ఉంటే అన్న మాట ఆ కాగితంలో లేదు. అలాంటి మందే అయిన స్ట్రెప్టోకైనేజ్ 15 లక్షల యూనిట్లు గంటలో ఎక్కించాను. మూడో గంటలో బీపీ పడిపోయింది. మందు వల్ల అనుకున్నాం, గుండె బలహీనపడి అనుకున్నాం, సెలైన్లు పెంచాం. రాత్రిపూట ఎకో గదికి తాళం, తాళంచెవి టెక్నీషియన్ దగ్గర. ఆయన వచ్చి తలుపు తీసేసరికి గుండె చుట్టూ సంచి నిండా రక్తం. సూదితో తీశాం, మళ్లీ నిండింది. తెల్లవారకముందే పోయాడు. ఆయన భార్య నా రెండు చేతులూ పట్టుకుని "మీరు చేయాల్సింది చేసిన్రు బిడ్డా" అంది. ఆమెకు ఏం జరిగిందో పూర్తిగా చెప్పే ధైర్యం నాకు ఆ రోజు లేదు. ఆ మాట ఇన్నేళ్లుగా నాతోనే ఉంది. క్యాన్సర్ అన్న మాట వినగానే నా చెయ్యి ఇంజెక్షన్ మీద నుంచి ఎకో మీదికి పోయేది అందుకే.

దీన్ని చదివి ఎవరైనా క్యాన్సర్ పేషెంట్లకు గుండెపోటు మందులు ఇవ్వడం మానేస్తారేమోనని నాకు భయం కూడా ఉంది. అది ఇంకా పెద్ద తప్పు. క్యాన్సర్ ఉన్నవాళ్లకు మామూలు గుండెపోటు, పూడిక వల్ల వచ్చేది, ఇతరుల కంటే ఎక్కువే వస్తుంది. ఈసీజీ కదులుతుంటే, ట్రోపోనిన్ ఎగబాకుతుంటే, గోడ మందంగా కాకుండా చచ్చుబడి ఉంటే, వాళ్లకు అందరితో సమానంగా, అంతే వేగంగా చికిత్స జరగాలి. నేను అడిగేది మూడు నిమిషాల ఎకో. క్యాథ్‌ల్యాబ్ (యాంజియో చేసే గది) దగ్గర్లో లేని చిన్న ఊళ్లో, ఎకో మెషిన్ లేని చోట ఉన్న డాక్టర్ ఏం చేయాలి? అరగంట ఆగి రెండో ఈసీజీ తీసి మొదటిదాంతో పోల్చాలి. నొప్పి ఎన్ని రోజుల నుంచో పేషెంట్‌నే అడగాలి. రెండు ఈసీజీలూ కదలకుండా ఒకేలా ఉండి, నొప్పి చాలా రోజులదైతే, ఇంజెక్షన్ ముందు ఒక ఫోన్ చేయాలి. పరకాల డాక్టర్ ఈసీజీ మీద టైము రాసి, మా వాట్సాప్‌కు పంపారు కాబట్టే మాకు పోల్చుకోవడానికి రెండోది దొరికింది. టైము రాయని ఈసీజీ అయ్యుంటే నేను చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

కొడుక్కి చెప్పడం మర్నాడు పొద్దున జరిగింది. యాంజియో అయింది కదా, స్టెంట్ వేసే ఉంటారని వాళ్లు అనుకున్నారు. బయట కుర్చీల్లో చుట్టాలు ఐదారుగురు, పేషెంట్ భార్య, ఒక మేనల్లుడు. కొడుకును, తల్లిని లోపలికి పిలిచాను. కరోనరీ, మెటాస్టాసిస్ (క్యాన్సర్ వేరే చోటికి పాకడం) అంటే వాళ్లకు ఏం తెలుస్తుంది? వాళ్లకు తెలిసింది పొలం. "గుండెపోటంటే తూము మూసుకుపోవుడు. నీళ్లు రాక మడి ఎండుతది. తూముల పూడిక తీస్తే మళ్ల పారుతది, అదే స్టెంట్. మీ బాపుకు తూము మంచిగనే ఉన్నది. మడిలనే తుంగ పాకింది. నాలుక మీద పుట్టిన తుంగ గడ్డే రక్తంల కొట్టుకొచ్చి ఇక్కడ మొలిచింది" అన్నాను. కొడుకు చాలాసేపు ఏమీ అనలేదు. తుంగను పీకిన కొద్దీ మొలుస్తుందని వాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. తల్లి మాత్రం, "ఇంక ఎన్ని దినాలు సారు?" అని సూటిగా అడిగింది. నెలల్లోనే, ఎక్కువ నెలలు కాదు అని చెప్పాను.

"బాపుకు చెప్పకుండ్రి సార్. టెన్షన్ల పడి పోతడు" అన్నాడు కొడుకు. ఈ మాట మేం వారానికోసారి వింటాం. నేను ఎప్పుడూ వెంటనే కాదనను. ఆయన అడిగితే మాత్రం అబద్ధం చెప్పను అన్నాను. ఆయన ఆ సాయంత్రమే అడిగాడు, మళ్లీ కాగితం మీద: "స్టెంట్ వేస్తే తగ్గుతదా?"

"స్టెంట్ వేసే బ్లాక్ లేదన్నా. నాలుక మీద వచ్చిన రోగమే గుండె గోడకు వచ్చింది. పూర్తిగ పోయేటట్టు చేయలేం. నొప్పి తగ్గిస్తం, ఆయాసం రాకుండ చూస్తం."

తల ఊపాడు. కాసేపయ్యాక మళ్లీ పెన్ను తీసుకుని, "చిన్నోన్ని పిలిపియ్యుండ్రి" అని రాశాడు. చిన్నకొడుకు దుబాయిలో ఉన్నాడు. గుండెపోటు వచ్చింది, స్టెంట్ వేశారు, బాగున్నాడు అని చెప్పి ఉంటే ఆ పిల్లవాడు సెలవు కోసం ఎండాకాలం దాకా ఆగేవాడు. నాలుగో వారంలో వచ్చి, చివరిదాకా తండ్రి దగ్గర ఉన్నాడు. నిజం చెప్పడం వల్ల ఈ కేసులో కలిగిన మేలు ఏదైనా ఉందంటే, నా దృష్టిలో అదే అన్నింటికంటే పెద్దది.

చికిత్స గురించి క్యాన్సర్ డాక్టర్‌తో కలిసి మాట్లాడుకున్నాం. బలమైన కీమోకు ఒళ్లు సహకరించదు, ప్రతిసారీ 150 కిలోమీటర్లు ప్రయాణం చేయించడం కూడా కష్టం. 5-ఫ్లోరోయురాసిల్ వద్దని నేను పట్టుబట్టాను, దాంతో మళ్లీ నొప్పి వస్తే అది గడ్డదా, మందుదా అని తేల్చుకోలేం. చివరికి తక్కువ డోసులో నోటి ద్వారా ఇచ్చే మందులు మొదలుపెట్టారు: వారానికోసారి మెథోట్రెక్సేట్, రోజూ సెలెకాక్సిబ్ అనే వాపు, నొప్పి తగ్గించే మందు. ముదిరిన నోటి క్యాన్సర్‌కు మన దేశంలో బాగా వాడుకలో ఉన్న పద్ధతి ఇది, ఖర్చు తక్కువ, ఇంట్లోనే వేసుకోవచ్చు. సెలెకాక్సిబ్‌కు గుండెపోటు రిస్కు ఉంది కాబట్టి మామూలుగా అయితే నేను ఒప్పుకునేవాణ్ని కాదు. రక్తనాళాలు తెరిచే ఉన్నాయని యాంజియోలో చూశాం, కాబట్టి ధైర్యం చేశాం. నొప్పికి మార్ఫిన్ గోళీలు ఇచ్చాం. మార్ఫిన్ అనగానే ఇంటివాళ్లు భయపడ్డారు, అలవాటైపోతుందేమోనని. రెండు రోజుల్లో ఆయన పూర్తి రాత్రి నిద్రపోయాక ఆ భయం పోయింది. క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ ఇవ్వడానికి జంకే డాక్టర్లు మనలో ఇంకా ఉన్నారు. 2014లో మాదకద్రవ్యాల చట్టం సవరించాక అనుమతుల దారి చాలా సులువైంది, ఇక జంకడానికి కారణం లేదు.

గడ్డ గోడ మధ్యలో ఉంది కాబట్టి హార్ట్ బ్లాక్ (గుండెలో విద్యుత్తు ప్రసారానికి అడ్డు పడటం) వస్తుందేమోనని కనిపెట్టుకుని ఉన్నాం. అది రాలేదు. ఏడో వారంలో ఆయాసంతో వచ్చాడు. గుండె చుట్టూ నీరు పెరిగి గుండెను నొక్కుతోంది. సూదితో 450 మిల్లీలీటర్ల ఎర్రటి నీరు తీసి, మూడు రోజులు గొట్టం ఉంచాం. ఆ నీటిలో కూడా అవే క్యాన్సర్ కణాలు. ఆయాసం తగ్గి, నడిచి ఇంటికి వెళ్లాడు. ఆ రోజు తీసిన ఈసీజీలో వోల్టేజీ కొంచెం తగ్గింది, ఎస్టీ మాత్రం డిసెంబర్‌లో ఎక్కడుందో అక్కడే ఉంది.

పదకొండో వారంలో, తెల్లవారుజామున, ఇంట్లోనే పోయాడు. నీళ్లు అడిగి, తాగి, పక్కకు తిరిగి పడుకున్నాడని, ఐదు నిమిషాల్లో అయిపోయిందని చిన్నకొడుకు ఫోన్‌లో చెప్పాడు. శవపరీక్ష జరగలేదు, మేం అడగలేదు కూడా. అందుకే ఈ కేసులో రెండు ఖాళీలు మిగిలాయి. గుండె గడ్డ నుంచి నేరుగా ముక్క తీయలేదు, ఊపిరితిత్తి ముక్క, గుండె నీటిలోని కణాల ఆధారంగానే అది నాలుక నుంచి వచ్చిందని చెప్తున్నాను. చివరి ఐదు నిమిషాల్లో లయ తప్పిందా, గోడ చిరిగిందా అన్నది చెప్పలేను. అంత తొందరగా జరిగింది కాబట్టి లయ తప్పడమే అయి ఉంటుందని నా అంచనా.

మా ఎమర్జెన్సీలో థ్రాంబోలిసిస్ (రక్తపు గడ్డను మందుతో కరిగించడం) చెక్‌లిస్టులో ఇప్పుడు ఒక లైను ఎక్కువగా ఉంది: "క్యాన్సర్ ఉందా, ఎప్పుడైనా ఉండెనా? ఉంటే ముందు ఎకో." ఆ లైనును రాసింది ఆ రాత్రి డ్యూటీలో ఉన్న అమ్మాయే. దాని కింద, పేషెంట్ మాట్లాడలేకపోతే కాగితం, పెన్ను ఇవ్వాలని నేను రాశాను.